రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతున్న అమ్మాయి: ఒక బ్యాంక్ పీవో ఇంటర్వ్యూ ప్రిపరేషన్ కేస్ స్టడీ

బ్యాంకులో మూడు దశాబ్దాలు పనిచేసి రిటైరయ్యాక విజయవాడ గవర్నర్‌పేటలో ఒక గది తీసుకుని బ్యాంక్ ఇంటర్వ్యూలకు పిల్లల్ని తయారు చేస్తున్నాను. ప్రిలిమ్స్, మెయిన్స్ కోచింగ్ నా పని కాదు. మెయిన్స్ దాటి ఇంటర్వ్యూ కాల్ లెటర్ కోసం ఎదురుచూసేవాళ్లే నా దగ్గరికి వస్తారు, అప్పటికి వాళ్ల చేతిలో ఉండేది కొద్ది వారాలే. ఇక్కడ రాస్తున్నది అలా వచ్చిన ఒక అమ్మాయి కేసు. తన అనుమతితోనే రాస్తున్నాను కానీ పేరు, ఊరు, చదివిన కాలేజీ, చేరిన బ్యాంకు మాత్రం చెప్పను.

ఆమె రాసింది ఐబీపీఎస్ పీవో, అంటే ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష. అంతకుముందు ఏడాది కూడా ఇంటర్వ్యూ దాకా వచ్చి వందకి 41 మార్కులు తెచ్చుకుని ఫైనల్ లిస్టులో పోయింది. ఇంటర్వ్యూలో క్వాలిఫై అవడానికి జనరల్ వాళ్లకి 40, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకి 35 చాలు, తను ఓబీసీ కాబట్టి గట్టెక్కినట్టే, కానీ గట్టెక్కినంత మాత్రాన ఉద్యోగం రాదు. మెయిన్స్ మార్కుల్ని 80కి, ఇంటర్వ్యూ మార్కుల్ని 20కి మార్చి కలుపుతారు. అంటే ఇంటర్వ్యూలో పది మార్కులు పెరిగితే ఫైనల్లో రెండు పెరుగుతాయి, ఆ రెండు మార్కులు 225 మార్కుల మెయిన్స్‌లో సంపాదించాలంటే ఇంకో ఐదున్నర మార్కుల పైన తెచ్చుకోవాలి. మెయిన్స్‌లో ఐదున్నర మార్కుల కోసం ఏడాదంతా రాత్రిళ్లు కూర్చునే పిల్లలు ఇంటర్వ్యూని పట్టించుకునేది చివరి వారంలో, అదీ ఎవరో పంపిన వంద ప్రశ్నలు, వంద జవాబుల పీడీఎఫ్‌తో. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

ఆ అమ్మాయి గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, సొంతూరు పల్నాడు వైపు. ఈసీఈలో బీటెక్. నాన్నకి సొంతంగా ఎకరంన్నర, పైగా నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిర్చి వేస్తాడు. నా దగ్గరికి రాకముందు వాళ్లూ వీళ్లూ ఆమెకి చెప్పింది ఒకటే, నీకు కాన్ఫిడెన్స్ తక్కువ, ఇంగ్లిష్ రాదు, స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరు అని. చేరింది కూడా.

మొదటిసారి కూర్చోబెట్టి, నీ గురించి చెప్పమ్మా అన్నాను. ఎక్కడా తడబడకుండా మంచి ఇంగ్లిష్‌లో చెప్పింది. హార్డ్ వర్కింగ్, డెడికేటెడ్, టీమ్ ప్లేయర్, అన్నీ ఉన్నాయి అందులో. సరే, టీమ్‌లో ఎప్పుడు పనిచేశావు అంటే కాలేజీ ప్రాజెక్టులో అంది. ఎంతమంది అంటే నలుగురం అంది. ఆ నలుగురిలో నువ్వు చేసిందేమిటి అన్నాను. అక్కడ ఆగిపోయింది. ఇంకో దారిలో వెళ్దామని రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, ఎంత అని అడిగితే పాయింట్ల దాకా కరెక్టుగా చెప్పింది, చివరిసారి ఎప్పుడు మారిందో కూడా చెప్పింది. రెపో తగ్గితే మీ నాన్నగారి పంట రుణం మీద వడ్డీ తగ్గుతుందా అంటే, వెంటనే, "తగ్గుతుంది సార్" అంది. ఎందుకు తగ్గుతుందో చెప్పు అంటే మళ్లీ మౌనం.

తగ్గదు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి కేంద్రం వడ్డీ రాయితీ ఇస్తుంది కాబట్టి రైతుకి 7 శాతానికే వస్తుంది, గడువులోపు కడితే ఇంకో 3 శాతం పోయి 4 శాతమే పడుతుంది, అది రెపోతో పాటు కదిలే వడ్డీ కాదు. రెపోతో కదిలేది ఇంటి అప్పులాంటివి, 2019 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) రిటైల్ రుణాల్ని బ్యాంకు చేతిలో లేని బయటి బెంచ్‌మార్క్‌కి ముడిపెట్టమని రిజర్వ్ బ్యాంకు చెప్పింది, చాలా బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. ఈ మాట తెలిసిన అభ్యర్థికీ, రెపో అంకె మాత్రమే తెలిసిన అభ్యర్థికీ మధ్య తేడా ప్యానెల్‌కి అర నిమిషంలో తెలిసిపోతుంది.

ఆమెకి కాన్ఫిడెన్స్ తక్కువ లేదు, ఇంగ్లిష్ కూడా అవసరానికి సరిపోతుంది. ప్రతి విషయంలోనూ మొదటి ప్రశ్నకి జవాబు ఉంది, రెండో ప్రశ్నకి లేదు. ఆమె నోట్స్ చూశాను, ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రశ్న, కింద జవాబు, మళ్లీ ప్రశ్న, కింద జవాబు. ఏ జవాబు కిందా ఇంకో ప్రశ్న లేదు. బ్యాంక్ ప్యానెల్లో కూర్చునేవాళ్లు రోజూ కౌంటర్ల దగ్గర, లోన్ ఫైళ్ల దగ్గర ఉండే ఆఫీసర్లు. లోన్ కోసం వచ్చినవాడు చెప్పిన మొదటి మాట విని సంతకం పెట్టరు కదా, ఆ మాట పట్టుకుని ఇంకోటి అడుగుతారు. ఇంటర్వ్యూలోనూ అదే అలవాటు. మొదటి ప్రశ్న తలుపు తీయడానికే అడుగుతారు, మార్కులు పడేది రెండోదానికి, మూడోదానికి. కాబట్టి కొత్త జవాబులేవీ బట్టీ పట్టొద్దు, ఉన్న జవాబుల కింద మూడేసి ప్రశ్నలు రాసుకుని రా అని పంపించాను. ప్రిపరేషన్ మొత్తం ఈ ఒక్క పని చుట్టూనే తిరిగింది.

బయోడేటాలో రాయని మూడేళ్లు

తర్వాత బయోడేటా తీశాం. బీటెక్ అయ్యాక మూడేళ్ల ఖాళీ, దాని ఎదురుగా "పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను" అని ఒక్క వాక్యం. ఏడాది అయితే నమ్ముతారు, మూడేళ్లంటే రెండో ప్రశ్న తప్పదు. నిజంగా మూడేళ్లూ చదువుతూనే ఉన్నావా అంటే కాసేపు నసిగి అసలు విషయం చెప్పింది. వాళ్ల మేనమామకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, సీజన్లో, అంటే జనవరి నుంచి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదాకా, ఆ కొట్లో లెక్కలన్నీ ఈమే రాసేది. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటా ఎంత, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత తీసేశారు, ఏ వ్యాపారి ఏ రేటుకి కొన్నాడు, కమీషన్, హమాలీ ఖర్చులు పోను రైతుకి ఎంత ఇవ్వాలి, ఆ డబ్బు ఏ రోజు ఎవరి ఖాతాకి వెళ్లింది, అన్నీ.

"ఇది ఎందుకు రాయలేదమ్మా?"

"గుమస్తా పని కదా సార్, బీటెక్ చేసి ఇదా అనుకుంటారని."

ఇలాంటి సిగ్గు మన పిల్లల్లో చాలా ఎక్కువ. ట్రాక్టర్ షెడ్డు, కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, చీటీల లెక్కలు, ఇంట్లోవాళ్ల పనిలో చేయి వేసినవాళ్లు ఎంతమంది వచ్చినా బయోడేటాలో ఆ మాట ఉండదు, దాని బదులు ఎవరో ఇచ్చిన ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంటుంది. బ్యాంకు చేసే వ్యాపారమంతా సరిగ్గా ఆ కొట్లతోనూ షెడ్లతోనే. మిర్చి యార్డులో కూర్చుని మూడు సీజన్లు లెక్కలు రాసిన అమ్మాయి బ్యాంక్ ఆఫీసర్ కుర్చీకి ఎంత దగ్గరగా ఉందో ఆమెకి చెప్పడానికి నాకు చాలా టైమ్ పట్టింది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకున్నాం. అప్లికేషన్ ఫారంలో ఉద్యోగానుభవం లేదని రాసింది కాబట్టి ఇప్పుడు వెళ్లి అకౌంటెంట్‌గా పనిచేశాను అంటే పొంతన కుదరదు, జీతం చీటీలు, అనుభవ పత్రం అడుగుతారు. కుటుంబ వ్యాపారంలో సీజన్లో లెక్కలు చూసేదాన్ని, మిగతా నెలల్లో చదువుకునేదాన్ని అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్క మాట పెంచకూడదు.

మిర్చి దగ్గర్నుంచి బ్యాంకు దాకా

నా దృష్టిలో అసలు ప్రిపరేషన్ ఇదే, ఎక్కువ రోజులు దీనిమీదే గడిపాం. ఆమెకి తెలిసిన ప్రతి విషయాన్నీ తీసుకుని, దీనికి బ్యాంకులో ఏ పేరు ఉంటుంది, ఏ రూల్ ఉంటుంది అని వెతుక్కుంటూ వెళ్లాం.

వ్యాపారి నుంచి డబ్బు ఆర్టీజీఎస్‌లో, అంటే పెద్ద మొత్తాలు ఖాతా నుంచి ఖాతాకి పంపే పద్ధతిలో, వచ్చేది అంది. ఆర్టీజీఎస్‌లో కనీసం ఎంత పంపాలి? 2 లక్షలు, ఇది తెలుసు. అంతకంటే తక్కువైతే? నెఫ్ట్, ఇదీ తెలుసు. ఆదివారం పంపొచ్చా? యార్డుకి ఆదివారం సెలవు కాబట్టి ఎప్పుడూ చూడలేదట. పంపొచ్చు, నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి అన్ని రోజులూ ఇరవై నాలుగు గంటలూ నడుస్తున్నాయి.

ధర బాగోకపోతే రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని బాండు తీసుకుంటాడు, ఆ బాండు మీద అప్పు తెచ్చుకుంటాడు. ఇది ఆమె వందలసార్లు చూసింది. ఆ బాండు చేతులు మారితే సరుకు హక్కు కూడా మారుతుందా అని అడిగాను. తెలియదంది. ప్రతి గోదాము ఇచ్చే రసీదూ అలాంటిది కాదు, 2007లో వచ్చిన గిడ్డంగుల చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టర్ అయిన గోదాములు మాత్రమే అలా బదిలీ చేయగలిగే రసీదు ఇవ్వగలవు. కిసాన్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతు అలాంటి రసీదు మీద అప్పు తీసుకుంటే కోత తర్వాత ఆరు నెలల దాకా వడ్డీ రాయితీ కూడా వస్తుంది. మరి సరుకు మీద అప్పిచ్చాక ధర పడిపోతే బ్యాంకు ఏం చేయాలి? ఇక్కడ ఆమె నాకంటే బాగా చెప్పింది. "మామయ్య ముందే సరుకు విలువలో కొంత పట్టుకుని తక్కువే ఇస్తాడు సార్, ఇంకా పడితే రైతుని పిలిచి కొంత కట్టమంటాడు, లేదంటే అమ్మేయమంటాడు." దాన్నే బ్యాంకులో మార్జిన్ అంటాం అని చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముఖంలో వచ్చిన వెలుగు చూశాను, అప్పటిదాకా మార్జిన్ అనేది ఆమెకి పుస్తకంలో ఒక నిర్వచనం మాత్రమే.

అప్పు ఎప్పుడు ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుందని ఎవర్నడిగినా 90 రోజులు బాకీ పడితే అంటారు, ఆమె కూడా అదే అంది. మిర్చి రైతు తీసుకున్న పంట రుణానికి కూడా 90 రోజులేనా? కాదు. స్వల్పకాలిక పంటలకి అసలుగానీ వడ్డీగానీ రెండు పంట సీజన్లు బాకీ పడితే, దీర్ఘకాలిక పంటలకి ఒక సీజన్ బాకీ పడితే అప్పుడు ఎన్‌పీఏ. పంటకాలం ఏడాది దాటేవే దీర్ఘకాలికం, మిర్చి అందులోకి రాదు. రైతుకి డబ్బు నెలనెలా రాదు, పంట అమ్మినప్పుడే వస్తుంది, అందుకే ఈ లెక్క అని కారణంతో సహా చెప్పగలిగితే ఆ జవాబు బట్టీ పట్టినట్టు ఉండదు. మిర్చి రైతు కూతురు ఇంటర్వ్యూకి వస్తే ఈ ప్రశ్న నేనైతే తప్పకుండా అడుగుతాను.

అన్నింటికంటే కష్టమైంది ఇంకోటి. సీజన్ మొదట్లో మేనమామ రైతులకి పెట్టుబడికి అప్పిస్తాడు, సరుకు తన కొట్టుకే తేవాలన్న ఒప్పందం మీద. వడ్డీ ఎంత అంటే నెలకి నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో 7 శాతానికి, సక్రమంగా కడితే 4 శాతానికి దొరుకుతుంటే రైతు మీ మామయ్య దగ్గరికి ఎందుకు వస్తాడు? ఆమె ఈ ప్రశ్నకి చాలా ఇబ్బంది పడింది, మామయ్యని తక్కువ చేసినట్టు అవుతుందేమోనని ఒక పక్క, వడ్డీ వ్యాపారాన్ని వెనకేసుకొచ్చినట్టు అవుతుందేమోనని ఇంకో పక్క. నేను చెప్పింది ఒక్కటే, మంచీ చెడూ తీర్పు చెప్పకు, జరిగేది జరిగినట్టు చెప్పు. అప్పుడు చెప్పింది. వాళ్ల నాన్నకి సొంత ఎకరంన్నర మీద కిసాన్ కార్డు ఉంది, కానీ పెట్టుబడిలో ఎక్కువ భాగం పెట్టేది కౌలు నాలుగెకరాల మీద, ఆ పొలానికి ఆయన పేరు మీద కాగితం లేదు. రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తారు, కానీ దానికి పొలం యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, పెట్టడానికి చాలామంది భయపడతారు. తామర పురుగు పడి రాత్రికి రాత్రి మందు కొట్టాల్సి వస్తే కాగితాలు అడగకుండా డబ్బిచ్చేది మామయ్యే.

మరి నువ్వు ఆ ఊరి బ్రాంచికి ఆఫీసరువైతే ఏం చేస్తావు? దీనికి కలిసి ఆలోచించాం. నాలుగు నుంచి పది మంది కౌలు రైతుల్ని కలిపి జాయింట్ లయబిలిటీ గ్రూపు చేయొచ్చు, ఒకరికొకరు బాధ్యులు కాబట్టి పొలం కాగితం లేకపోయినా అప్పు ఇవ్వొచ్చు. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరి 1 నుంచి లక్షా అరవై వేల నుంచి 2 లక్షలకి పెంచింది, అది వాడుకోవచ్చు. సంతకానికి భయపడే యజమానులతో మాట్లాడాలి, అది ఆఫీసు కుర్చీలో కూర్చుంటే అయ్యే పని కాదు. ఈ జవాబులో పెద్ద మాటలు ఏమీ లేవు, దేశసేవ అనే మాట కూడా లేదు. బ్యాంకు ఉద్యోగం ఎందుకు అన్న ప్రశ్నకి ఆమె దగ్గర ఇంతకంటే నిజమైన జవాబు లేదు కాబట్టి పాత జవాబు మొత్తం తీసేయించాను.

చదువు వైపు నుంచి ఒక్కటి మాత్రం పట్టుకున్నాం. ఈసీఈ వాళ్లని సర్క్యూట్లు అడగరు, బ్యాంకులో కనిపించే ఎలక్ట్రానిక్స్ అడుగుతారు. కార్డు తాకించి డబ్బు కట్టేది ఎన్ఎఫ్‌సీ అనే, దగ్గర్లోనే పనిచేసే రేడియో పద్ధతి మీద, 13.56 మెగాహెర్ట్జ్‌ దగ్గర పనిచేస్తుంది, పిన్ లేకుండా 5,000 రూపాయల దాకా, ఆ పరిమితి 2021 జనవరి నుంచి వచ్చింది. మరి కార్డు పోతే ఎవరైనా తాకించి వాడేయొచ్చు కదా అన్నది రెండో ప్రశ్న. ఆ సదుపాయాన్ని ఖాతాదారు ఆపేసుకోవచ్చు, పరిమితి తగ్గించుకోవచ్చు అని దానికి జవాబు.

ఇంగ్లిష్, తెలియదు అనడం, ఇంట్లో మాట్లాడటం

ఇంగ్లిష్ విషయంలో నా పద్ధతి చాలామందికి నచ్చదు. ముందు తెలుగులోనే చెప్పిస్తాను, ఇంట్లో అమ్మకి చెబుతున్నట్టు. తెలుగులో చెప్పలేని విషయం ఇంగ్లిష్‌లో చెప్పడం అసాధ్యం, అలా చెప్పగలిగితే అది బట్టీయే. తెలుగులో గాడిలో పడ్డాక దాన్నే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా చెప్పిస్తాను. మై ఫాదర్ ఓన్స్ వన్ అండ్ హాఫ్ ఏకర్స్. హీ టేక్స్ ఫోర్ మోర్ ఆన్ లీజ్. అంతే. ఇంత చిన్న వాక్యాలా సార్ అంది. ప్యానెల్‌కి కావాల్సింది విషయం, ఆ విషయం ఉన్నప్పుడు చిన్న వాక్యం బలంగా వినిపిస్తుంది, లేనప్పుడే పొడుగు వాక్యాలు కావాలి. తాలుకి, టిక్కీకి ఇంగ్లిష్ మాటలు వెతకొద్దని చెప్పాను, టిక్కీ అని, సుమారు నలభై, నలభై ఐదు కిలోల బస్తా అని వివరిస్తే చాలు.

తెలియదు అనడం కూడా నేర్పించాల్సి వచ్చింది. అందరిలాగే ఈమె కూడా ఊహించి ఏదో ఒకటి చెప్పేది, ఆ ఊహ మీద వచ్చే రెండో ప్రశ్నకి ఇంకా లోతుకి దిగిపోయేది. తెలిసింది ఎంతో అంతే చెప్పి, మిగతాది తెలియదు సార్ అని కళ్లలోకి చూసి చెప్పి ఆగిపో, తెలుసుకుని చెబుతాను, నేర్చుకుంటాను అని తోకలు తగిలించకు అన్నాను. అలా ఆగడం మొదట్లో చాలా కష్టమైంది ఆమెకి, ఆ నిశ్శబ్దానికే టెన్షన్ వచ్చేది. గదిలో నేనూ, నా పాత సహోద్యోగి ఒకాయనా కూర్చుని కావాలనే తెలియనివి అడిగి, ఆమె తెలియదన్నాక మేమూ కాసేపు ఊరుకునేవాళ్లం.

ఇంకో ప్రశ్న ఉంది, అది ప్రతి అమ్మాయినీ అడుగుతారు. ఈశాన్య రాష్ట్రాల్లో పోస్టింగ్ ఇస్తే వెళ్తారా? అందరూ వెళ్తాం అంటారు. ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది రెండో ప్రశ్న, దానికీ ఒప్పుకుంటారు అంటారు, గొంతులో నమ్మకం ఉండదు, ఎందుకంటే ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తి ఉండరు. ఈమెనీ అడిగాను, ఎత్తలేదు. వెంటనే ఊరికి పంపాను, ఇది పుస్తకంలో చదివేది కాదు, అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోవాల్సింది. పీవో ఉద్యోగంలో దేశంలో ఎక్కడైనా వేయొచ్చు. వాళ్లమ్మ రెండు రోజులు మాట్లాడలేదట, తర్వాత వాళ్ల నాన్న, వెళ్లు, కానీ మొదటిసారి నేను వచ్చి దింపి వస్తాను అన్నాడట. ఇంటర్వ్యూలో అదే చెప్పమన్నాను.

సర్టిఫికెట్ల గురించి కొద్దిగా, ఎందుకంటే ఇక్కడే బోలెడుమంది చివరి రోజు పరుగులు పెడతారు. మన దగ్గర బీసీ సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు, కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ, నాన్ క్రీమీ లేయర్ అని స్పష్టంగా ఉన్నది కావాలి, నోటిఫికేషన్‌లో అడిగిన తేదీల లోపలిదే కావాలి, దానికి సచివాలయంలో అప్లై చేసి తహశీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేసరికి రోజులు పడతాయి. ఇంటిపేరు ఇంకో తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, డిగ్రీలో పేరు తర్వాత ఇంటిపేరు, ఇలా మూడు రకాలుగా ఉన్నవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లలో బాగా కనిపిస్తారు. ఈమెకి ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది, మొదటి వారంలోనే మార్పించాం. కాల్ లెటర్ వచ్చేదాకా ఆగొద్దు.

బట్టలు, నమస్కారం, కూర్చునే పద్ధతి గురించి నేను పెద్దగా మాట్లాడను. శుభ్రంగా, అలవాటైన బట్టల్లో వెళ్లాలి, కొత్త చీర ఆ రోజే మొదటిసారి కట్టుకోకూడదు.

ఆ రోజు అడిగినవి

ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ప్రతి ప్రశ్నా గుర్తున్నంతవరకు రాసి పంపమని ముందే చెప్పాను. ప్యానెల్లో ఐదుగురు, అందులో ఒకావిడ. మొదట తన గురించి చెప్పమన్నారు. మిర్చి యార్డు మాట రాగానే అక్కడే పట్టుకున్నారు, తర్వాత సగానికి పైగా ప్రశ్నలు దాని చుట్టూనే. తేజ రకానికీ మిగతావాటికీ తేడా ఏమిటి, కోల్డ్ స్టోరేజీలో ఎందుకు పెడతారు, ఆ సరుకు మీద అప్పిస్తే బ్యాంకుకి రిస్కు ఏమిటి. ధర పడిపోవడం చెప్పింది, నాణ్యత తగ్గడం చెప్పింది, ఇంకేముంది అంటే అగ్నిప్రమాదం, ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడాలి అంది. అది మేం ప్రాక్టీస్ చేసింది కాదు, ఆమె చూసినదాన్నుంచి అప్పటికప్పుడు వచ్చింది. కౌలు రైతు ప్రశ్న ఆవిడే అడిగారట. జాయింట్ లయబిలిటీ గ్రూపు అనగానే, గ్రూపులో ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు నిజంగా కడతారా అని వచ్చింది. కొన్నిసార్లు కట్టరు మేడమ్, అందుకే ఒకే ఊళ్లో, ఒకరికొకరు తెలిసినవాళ్లనే కలపాలి అంది.

ఆంధ్రా బ్యాంకు ఎవరు పెట్టారు అన్నారు, ఈ ప్రాంతం వాళ్లని తరచూ అడిగేదే. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య అంది. ఇప్పుడు లేదు కదా అంటే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిందని చెప్పింది. కలిస్తే మీ నాన్నగారికి ఏం మారింది అని రెండో ప్రశ్న. పాస్‌బుక్కు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారాయి, కోడ్ మారిన సంగతి తెలియక మా కొట్లో కొందరు రైతులకి డబ్బు పంపేటప్పుడు ఇబ్బంది వచ్చింది అంది. బ్యాంకు మూలధన నిష్పత్తి, అంటే ఇచ్చిన అప్పుల రిస్కుతో పోలిస్తే బ్యాంకు సొంత మూలధనం, ఎంత ఉండాలి అంటే 9 శాతం అంది. దానిపైన ఇంకా ఉంచుకోవాల్సింది ఉందా అంటే తెలియదు సార్ అని ఆగింది. ఉంది, అదనంగా 2.5 శాతం బఫర్ కలిపి 11.5. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారట. చివర్లో అస్సాంలో పోస్టింగ్ ఇస్తే వెళ్తారా అన్న ప్రశ్న వచ్చింది, నాన్న వచ్చి దింపుతానన్నారు అని ఉన్నమాట చెప్పింది.

ఫలితంలో ఇంటర్వ్యూ మార్కులు 66. పోయినసారి మీద 25 ఎక్కువ, ఫైనల్లో 5 మార్కులు, మెయిన్స్ లెక్కలో చూస్తే పద్నాలుగు. ఆమె మెయిన్స్ స్కోరు దాదాపు పోయినేడాదిలాగే ఉంది, అంటే లిస్టులోకి తెచ్చింది ఈ ఐదు మార్కులే అని గట్టిగా చెప్పగలను. అలాట్‌మెంట్ వచ్చింది, చేరింది.

మారనిది కూడా ఉంది. ఒత్తిడి పెరిగితే ఆమె మాట వేగం పెరిగిపోతుంది, ఆ రోజు కూడా ఒకాయన రెండుసార్లు నిదానంగా చెప్పమన్నారట. కొద్ది వారాల్లో మాట వేగం మారుతుందని చెప్పే కోచింగ్ ప్రకటనల్ని నేను నమ్మను. ఏడాది ముందు మొదలుపెడితే మారుతుంది, దానికి రోజూ గట్టిగా పేపరు చదవడం కంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఇంత టైమ్ లేనివాళ్లు కూడా వస్తారు, ఇంటర్వ్యూకి మూడు నాలుగు రోజులే ఉందంటూ. వాళ్లతో బ్యాంకింగ్ పాఠాలేవీ తెరవను. బయోడేటాలో మూడే లైన్లు తీసుకుంటాం, డిగ్రీ, ఖాళీగా ఉన్న ఏళ్లు, సొంతూరు. ఒక్కో దాని కింద వరసగా మూడు ప్రశ్నలు వాళ్ల చేతే రాయిస్తాను, జవాబులు తెలుగులో చెప్పిస్తాను, ఇంటికి ఫోన్ చేయించి పోస్టింగ్ సంగతి మాట్లాడిస్తాను, సర్టిఫికెట్లు టేబుల్ మీద పరిపించి పేర్లు సరిచూస్తాను. ఉన్న టైమ్‌లో అంతకంటే పనికొచ్చేది ఇంకేమీ లేదు.